పిల్లల చీటీలకు జవాబేదీ? – స్థానిక పాలకవర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకవర్గ సభ్యులకు, కమిషనర్లకు, ఇంజనీర్లకు, బడ్జెట్ పద్దులు చూసే అకౌంట్స్ వాళ్లకు,

నమస్కారం.

కొన్నేళ్ల కిందట ఒక స్థానిక సంస్థ తన పరిధిలోని పిల్లలకూ యువతకూ ఐదేళ్ల సంక్షేమ ప్రణాళిక తయారు చేస్తున్నామని ప్రకటించింది. ఊరి పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా ఒకటే, చదువుతుంటే మీకు మీ ఆఫీసు సంగతే అనిపించొచ్చు. పిల్లలతో మాట్లాడించడానికి వాలంటీర్లు కావాలంటే నేనూ పేరిచ్చాను. ఒక శనివారం పొద్దున హాలు నిండా పిల్లలు. ఒక్కొక్కరికీ ఒక చీటీ, ఒక పెన్సిలు ఇచ్చాం. "మీరుండే చోట ఏం మారితే బాగుంటుంది?" అని బోర్డు మీద రాశాం. అరగంటలో అట్టపెట్టె నిండిపోయింది. ఆ చీటీలు చదివి కుప్పలుగా వేరు చేసే పని నాకు పడింది.

చాలావాటిలో ఊహించినవే ఉన్నాయి. ఆడుకోవడానికి చోటు లేదు, కుక్కలంటే భయం, బాత్రూమ్ తలుపుకు గడియ లేదు. ఒకడు విమానం కావాలని రాసి బొమ్మ కూడా గీశాడు. ఒక చీటీ దగ్గర మాత్రం ఆగిపోయాను. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కి రాసిందో, అక్షరాలు వెనక వైపు కూడా ఉబ్బి కనిపిస్తున్నాయి. "బడి వెనక సందులో లైటు లేదు. ఆటలయ్యాక ఆ సందులోంచి పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్తాం. నడిచి వెళ్లాలని ఉంది." కింద పేరు లేదు. వయసు 12, అమ్మాయి అని మాత్రం ఉంది.

ఎనిమిది నెలలకు ప్రణాళిక అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, అట్ట మీద ఆ రోజు హాల్లో పెన్సిళ్లు పైకెత్తి నవ్వుతున్న పిల్లల ఫొటో. నేను ఆత్రంగా లైటు కోసం వెతికాను. "వెలుగు" అనే మాట చాలాచోట్ల దొరికింది. వెలుగుల బాట, వెలుగుల భవిత, వెలుగులు నిండిన బాల్యం. సందులో లైటు మాత్రం లేదు. ఆఫీసుకు వెళ్లి అడిగాను. పుస్తకం తయారు చేసిన ఉద్యోగి మర్యాదగా కూర్చోబెట్టి, దాపరికం లేకుండా చెప్పాడు: "లైట్లు మా సెక్షన్ కాదండీ."

ఆయన్ని తప్పు పట్టను. లైట్లు ఎలక్ట్రికల్ వాళ్లవి, సందు రోడ్ల విభాగానిది, పక్కనున్న ప్రహరీ గోడ విద్యాశాఖది. సంక్షేమం సెక్షన్ చేతిలో ఉన్నవి శిబిరాలు, పోటీలు, బహుమతులు, అవగాహన సదస్సులు. అందుకే పుస్తకమంతా వాటితోనే నిండింది. పన్నెండేళ్ల పిల్ల అడిగిన ఒక్క విషయం మూడు సెక్షన్ల మధ్య జారి పడిపోయింది. ఈ లేఖ ఆ జారిపోయిన చీటీ గురించే.

మీ ఆఫీసులో పిల్లల క్షేమం చేతిలో ఉన్న అతి ముఖ్యమైన అధికారి ఎవరు? సంక్షేమ అధికారి అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలు. జ్వరాలు కాదు, జబ్బులు కాదు, రోడ్లు. అలాంటప్పుడు ముందు రోడ్ల ఇంజనీరును పిలవాలి. నేను చూసిన ఏ పిల్లల ప్రణాళిక సమావేశంలోనూ ఆయన కుర్చీ కనపడలేదు. నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి "పిల్లల హత్య ఆపండి" అని ఉద్యమం నడిపారు. ఇవాళ ఆ దేశంలో పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్లడం చూసి మనం ముచ్చటపడుతున్నామంటే, దాని వెనక వీధుల రూపురేఖలే మార్చిన ఇంజనీర్ల పని ఉంది. ఆ ఇంజనీర్లను కదిలించిన అమ్మానాన్నల కోపమూ ఉంది.

ఒక చిన్న పని చేసి చూడండి. రద్దీగా ఉండే ఏదైనా సిగ్నల్ దగ్గరికి నాలుగేళ్ల పిల్లనో పిల్లాడినో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. మీరు లాక్కుంటూ పోవద్దు, వాళ్ల నడకతోనే దాటండి. పచ్చ దీపం ఆరిపోయేసరికి మీరు ఎక్కడుంటారో చూసుకోండి. ఇంకో పని: మోకాళ్ల మీద కూర్చుని, మీ కళ్లు నేలకు 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారుగా అది. పట్టణ ప్రణాళికల్లో ఈ కొలతను ముందు పెట్టుకుని పనిచేసే అంతర్జాతీయ కార్యక్రమం కూడా ఉంది. ఆ ఎత్తు నుంచి చూస్తే పార్క్ చేసిన వాహనాలు గోడలై కనిపిస్తాయి, పొగ గొట్టాలు సరిగ్గా ముఖం ముందుకొస్తాయి, కౌంటర్ల వెనక మనుషులు అసలు కనపడరు. ఎస్టిమేట్ వేసే ముందు ఒక్కసారి అలా కూర్చున్న ఇంజనీరు తర్వాత గీసే గీత వేరుగా ఉంటుందని నా నమ్మకం. ప్యాంటు మాసిపోతుంది, అంతే.

సరే, చీటీల దగ్గరికి వస్తాను. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ చెప్పేది ఏమిటంటే, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉంది, వాళ్ల వయసును, పరిణతిని బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలి. మొదటి సగం అందరికీ ఇష్టమే. పిల్లల చేత మాట్లాడించడం, చప్పట్లు కొట్టడం, ఫొటో దిగడం సులువు. చిక్కంతా రెండో సగంతోనే. పిల్లల భాగస్వామ్యం మీద పనిచేసిన రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసి చూపించారు. కింది మూడు మెట్లను ఆయన భాగస్వామ్యం కిందే లెక్కవేయలేదు. పిల్లల్ని పెద్దల అవసరానికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా అడగడం, ఇవీ ఆ మూడు. పుస్తకం అట్ట మీది ఆ ఫొటో ఏ మెట్టు మీద ఉందో నేను చెప్పాలా? ఆ పుస్తకం అచ్చు ఖర్చు ఎంతయిందో అడగాలనిపించింది. అడగలేదు.

"పిల్లలు అడిగినవన్నీ చేయగలమా?" అంటారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు విమానం అడిగిన పిల్లాడు గుర్తొస్తాడు. ఆ రోజు వాడి చీటీ పైకి చదివితే హాలంతా నవ్వింది. వాడు తల వంచేసుకున్నాడు. అప్పుడు పాలకవర్గ సభ్యురాలు ఒకావిడ లేచి వాడి పక్కనే కూర్చుని, విమానం కొనే డబ్బు, దాన్ని దించే చోటు, నడిపే అధికారం ఈ ఆఫీసుకు ఎందుకు లేవో ఐదు నిమిషాలు చెప్పారు. వాడు విని, "మరి బస్సు?" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వి, బస్సు గురించి మాట్లాడదాం అన్నారు. కాదనడం పిల్లలకు కొత్త కాదు, ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా వింటూనే ఉంటారు. కారణం చెబితే ఒప్పుకుంటారు, లేదా ఇంకో దారి వెతుకుతారు. అడిగి ఊరుకుంటేనే వాళ్లకు అర్థం కాదు. మళ్లీ ఇంకో ఆఫీసు ఇంకో చీటీ ఇస్తే రాయరు. పద్దెనిమిదేళ్లు వచ్చాక ఓటు వేయడానికి రావడం లేదని అప్పుడు వాపోతాం.

జవాబు వేగంగా వెళ్తే ఏమవుతుందో ఐస్‌లాండ్‌లో కనిపిస్తుంది. అక్కడ 1990ల చివర్లో టీనేజీ పిల్లల తాగుడు పెద్ద తలనొప్పిగా ఉండేది. 1998లో 15, 16 ఏళ్ల వాళ్లలో 42 శాతం మంది అంతకు ముందు నెలలో తప్పతాగామని సర్వేలో చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. ఆటలకు, సంగీతానికి, కళలకు స్థానిక సంస్థలు డబ్బు పెట్టాయి, రాత్రి పొద్దుపోయాక పిల్లలు బయట ఉండకూడదని నియమం పెట్టారు, తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒప్పందాలు చేసుకున్నారు. అంతా ఆ ఒక్క కార్యక్రమం చలవే అని నేననను, కాలమూ మారింది. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. బడుల్లో పిల్లలు నింపిన సర్వే ఫారాల ఫలితాలు మూలన పడలేదు. కొద్ది నెలల్లోనే ఏ ఊరి లెక్క ఆ ఊరికి, ఏ బడి లెక్క ఆ బడికి తిరిగి చేరేది. ఎక్కడో దేశం సగటు గురించి కాకుండా తమ పిల్లల గురించి చదువుతున్నామని తెలిసిన పెద్దలకు తప్పించుకునే చోటు ఉండదు కదా.

బ్రెజిల్‌లోని బార్రా మాన్సా అనే పట్టణం ఇంకొక అడుగు ముందుకు వేసింది. 1998 నుంచి అక్కడ పిల్లల మండలి ఒకటి నడిచింది. 18 మంది అబ్బాయిలు, 18 మంది అమ్మాయిలు, తోటి పిల్లలే ఎన్నుకున్నవాళ్లు. పట్టణ బడ్జెట్‌లోంచి ఏడాదికి లక్షా 25 వేల డాలర్లకు సమానమైన మొత్తం ఎక్కడ ఖర్చు పెట్టాలో ఆ 36 మంది తేల్చేవారు. అబ్బాయిలకు సరిసమానంగా అమ్మాయిలు ఉండాలన్న నియమం నాకు బాగా నచ్చింది. అది లేకపోతే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. 2014లో అమెరికాలోని బోస్టన్ నగరం కూడా 12 నుంచి 25 ఏళ్ల వాళ్ల చేతికి పది లక్షల డాలర్లు ఇచ్చి ఏ పనులకు వాడాలో ఓటు వేయమంది. డబ్బు చేతికిస్తే పిల్లలు చెడగొడతారేమో అనే భయం మీకుంటే, పెద్దల చేతిలోని పద్దులు ఎలా ఖర్చయ్యాయో పాత ఆడిట్ రిపోర్టులు తిరగేయండి, ధైర్యం వస్తుంది.

హాలుకు వచ్చిన పిల్లల గురించి ఇంత చెప్పాను. రానివాళ్ల సంగతేమిటి? ఆ శనివారం వచ్చినవాళ్లంతా బడుల నుంచి టీచర్లు వెంటబెట్టుకుని తెచ్చినవాళ్లే. బడి మానేసిన ఒక్కరూ లేరు. హాలు ముందు ఐదు మెట్లున్నాయి, ర్యాంపు లేదు, కాబట్టి చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలూ లేరు. పదిహేనేళ్లు దాటినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పిలుపు కాగితం మీద మాత్రం "బాలలు, యువత" అని పెద్దక్షరాలు. రానివాళ్లు ఎవరో గమనించి లెక్క రాసుకోవడం కూడా ప్రణాళికలో భాగమే, నన్నడిగితే మొదటి భాగం అదే. 1990లలో వియన్నా నగరంలో పార్కులకు వచ్చే పిల్లల్ని లెక్కపెట్టి చూశారు. తొమ్మిదేళ్లు దాటేసరికి అమ్మాయిల సంఖ్య ఒక్కసారిగా పడిపోతోంది, అబ్బాయిలది అలా పడటం లేదు. ఎందుకని చూస్తే, ఒకటే పెద్ద మైదానం ఉంటే అబ్బాయిలు దాన్ని ఆక్రమించేస్తున్నారు, అమ్మాయిలు పోటీ పడలేక వెళ్లిపోతున్నారు. 1999లో రెండు పార్కుల్లో నడకదారులు వేసి, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టి, పెద్ద ఖాళీని చిన్న చిన్న జాగాలుగా విడగొట్టారు. అమ్మాయిలు తిరిగి వచ్చారు. వాళ్లకు ఎవరూ అవగాహన సదస్సు పెట్టలేదు. నేలను సర్దారు, అంతే.

పదిహేను దాటిన వాళ్ల గురించి ఒక్క మాట. పిల్లలకు ఉయ్యాలలు, ముసలివాళ్లకు బెంచీలు, పెళ్లయినవాళ్లకు ఇళ్లు. పదహారేళ్ల వాడు నలుగురు స్నేహితులతో పైసా ఖర్చు లేకుండా ఒక గంట కూర్చునే చోటు మీ పటంలో ఎక్కడుంది? మెట్ల మీద కూర్చుంటే తరుముతారు, గోడ మీద కూర్చుంటే అనుమానంగా చూస్తారు, పార్కు గేటుకు సాయంత్రం తాళం పడుతుంది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లకు డాక్టర్లు కావాలి, నిజమే, అది మీ ఒక్కరి చేతిలో లేదు. గ్రంథాలయం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచడం, ఆఖరి బస్సు ఆటల సమయం అయ్యాక బయలుదేరేలా చూడటం మీ చేతిలో ఉంది. టెన్షన్‌లో ఉన్న పిల్లకు ఇల్లు, బడి కాకుండా వెళ్లి కూర్చునే మూడో చోటు ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

ఐదేళ్ల ప్రణాళిక అనే మాట కూడా కాస్త ఆలోచించి వాడండి. ఐదేళ్లు మీకు ఒక పదవీకాలం. పన్నెండేళ్ల పిల్లకు మిగిలిన బాల్యమంతా అదే. నాలుగో ఏడు టెండరు పిలిచి ఐదో ఏడు పూర్తి చేసిన ఆటస్థలం, దాన్ని అడిగిన పిల్లకు పనికిరాదు. వేల్స్ దేశంలో 2010లో చేసిన చట్టం ప్రకారం, పిల్లలకు ఆడుకునే అవకాశాలు చాలినన్ని ఉన్నాయో లేదో ప్రతి స్థానిక సంస్థా లెక్క చూసుకోవాలి, లేకపోతే కల్పించాలి. ఆ లెక్క మూడేళ్లకోసారి చూస్తారు. నాకైతే అదీ ఎక్కువే అనిపిస్తుంది. మీరు ఏడాదికోసారి చూడండి.

నేను కోరేది పెద్ద పుస్తకం కాదు, సన్నదే చాలు. అందులో ప్రతి పనికీ ఎదురుగా అది ఏ సెక్షన్‌ది, ఏ అధికారిది, ఏ పద్దు నుంచి డబ్బు వస్తుంది, ఏ నెలకు అవుతుంది అని రాయండి. పద్దు లేని పనిని రాయకండి, అది కోరిక అవుతుంది. రెండు సెక్షన్ల మధ్య పడే పని వస్తే, అలాంటివే ఎక్కువ వస్తాయి, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం ఉన్న ఒక మనిషి పేరు రాయండి. ఆ మనిషి కమిషనర్ కంటే కింది స్థాయి అయితే పని జరగదని అనుభవం మీద చెబుతున్నాను. ఇక పిల్లల దగ్గర చీటీలు తీసుకుంటే ప్రతి చీటీకీ జవాబు వెళ్లాలి: చేస్తాం, ఫలానా నెలలో, లేదా చేయలేం, ఇదీ కారణం, లేదా ఇది మా చేతిలో లేదు, ఫలానా వాళ్లకు పంపాం. చీటీలు మరీ ఎక్కువైతే ఒకే రకం అడిగినవాళ్లకు ఒకే జవాబు బడి నోటీసు బోర్డులో అతికించండి. ఏడాది తిరిగాక అదే పిల్లల్ని అదే హాలుకు పిలిచి, ఏవి చేశారో ఏవి చేయలేకపోయారో పైకి చదవండి. ముందు ఆ ఐదు మెట్ల పక్కన ర్యాంపు కట్టించండి. ఆ రోజు ఫొటోగ్రాఫర్ రాకపోయినా పరవాలేదు.

ఇదంతా రాయడానికి ముందు, మొన్నొక సాయంత్రం ఆ సందులోకి వెళ్లి చూశాను. స్తంభం పాతారు. కొత్తది, ఇంకా రంగు మెరుస్తోంది. పైన దీపం లేదు. పక్కింటాయన్ని అడిగితే, స్తంభం వేసి ఆరు నెలలైంది, కనెక్షన్ ఇచ్చేవాళ్లు వేరేనట అన్నాడు. నేను అక్కడ నిలబడి ఉండగానే ఆటలు ముగిశాయి. నలుగురు అమ్మాయిలు బ్యాగులు గుండెలకు హత్తుకుని నా పక్కనుంచి పరిగెత్తుకుంటూ వెళ్లారు. చీటీ రాసిన పిల్ల వాళ్లలో ఉండే అవకాశం లేదు, ఈపాటికి ఆ బడి దాటి వెళ్లిపోయి ఉంటుంది.

ఆమె చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. నకలు ఈ లేఖకు జత చేస్తున్నాను. ఏ సెక్షన్‌కు చేరాలో తేల్చుకోలేక అందరికీ తలో కాపీ పెట్టాను.

ఇట్లు,
ఆ రోజు చీటీలు ఏరిన వాలంటీరు